లెక్క... శ్లోకం... తబలా!

లెక్కల్లో చురుకైన పిల్లాడు ఏం చదవాలి? లెక్కలే చదవాలి. మరి మిగిలిన టైములో? అప్పుడూ లెక్కలే! మన ఇళ్లలో చాలామంది అమ్మానాన్నలు చెప్పే జవాబు ఇదే. సంగీతం క్లాసు పదో తరగతితో ఆగిపోతుంది. కథల పుస్తకాలు అటకెక్కుతాయి. ఇక భాషంటారా... ‘మార్కులు బాగా పడతాయి’ అన్న లెక్కతో ఇంటర్‌లో సంస్కృతం తీసుకోవడమే తప్ప దాని మీద ప్రేమతో కాదు. కానీ, తాతయ్య దగ్గర సంస్కృతం నేర్చుకుని, తబలా మీద చేయి తిప్పుతూ, వందల ఏళ్లనాటి పుస్తకాల్లో తలదూర్చిన ఓ కుర్రాడు గణితంలో ప్రపంచంలోనే పెద్ద పురస్కారాన్ని అందుకున్నాడు. అవన్నీ అతని లెక్కలకు అడ్డం రాలేదు సరికదా... దారి చూపించాయి!

అతని పేరు మంజుల్ భార్గవ. 2014 ఆగస్టు 13న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న నలుగురిలో ఒకడు. ‘గణితంలో నోబెల్’ అని అందరూ చెప్పుకునే ఆ పతకాన్ని నాలుగేళ్లకోసారి, అదీ నలభై దాటని వాళ్లకే ఇస్తారు. అంతకు ముందు 2010లో ఆ వేడుక జరిగింది మన హైదరాబాద్‌లోనే. భారతీయ మూలాలున్న ఒకరికి ఆ పతకం దక్కడం మాత్రం మంజుల్‌తోనే మొదలు.

పతకం సంగతి పక్కన పెడదాం. అతను విద్యార్థిగా ఉన్నప్పుడు ఏం చదివాడు, ఏ భాష నేర్చుకున్నాడు, ఏం వాయించాడు అన్నదే ఇక్కడ అసలు విషయం. ఎందుకంటే ఆ మూడింటికీ అతని లెక్కలకీ మధ్య గోడ లేదు.

నారింజపండ్ల గుట్ట

మంజుల్ 1974లో కెనడాలోని హ్యామిల్టన్‌లో పుట్టాడు. పెరిగింది ఎక్కువగా అమెరికాలోని న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో. తల్లి మీరా భార్గవ హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో గణితం ప్రొఫెసర్. మూడేళ్ల మంజుల్ ఇంట్లో కుదురుగా ఉండేవాడు కాదట. ఒకచోట కూర్చోబెట్టాలంటే ఆమెకు ఒకటే మార్గం... పెద్దపెద్ద అంకెలిచ్చి కూడమనో గుణించమనో అడగడం. కాగితం లేకుండా వేళ్లనే అటూఇటూ తిప్పుతూ తనకు మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో జవాబు చెప్పేవాడు.

ఎనిమిదేళ్లప్పుడు అతనికో అనుమానం వచ్చింది. జ్యూస్ కోసం తెచ్చిన నారింజపండ్లను పిరమిడ్‌లా పేరిస్తే, ఆ గుట్టలో మొత్తం ఎన్ని పండ్లుంటాయి? పైన ఒకటి, దానికింద మూడు, ఆ కింద ఆరు, ఆ కింద పది... ఇలా పేర్చుకుంటూ పోతే నాలుగు వరసలకు 20 పండ్లు. అదే పది వరసలకో? వంద వరసలకో? ప్రతిసారీ లెక్కపెట్టకుండా చెప్పేందుకు సూత్రం ఉందా? ఎవర్నీ అడగలేదు. కొన్ని నెలలపాటు ఆలోచించి తనే పట్టుకున్నాడు. ఎన్ని వరసలుంటే ఆ అంకెనీ, దాని తర్వాతి రెండు అంకెల్నీ గుణించి ఆరుతో భాగిస్తే చాలు. పది వరసలనుకోండి... 10, 11, 12లను గుణిస్తే 1,320. దాన్ని 6తో భాగిస్తే 220. గుట్టలో ఉన్నవి సరిగ్గా 220 పండ్లు!

ఒక్క ప్రశ్నకు నెలలు. మన పోటీ పరీక్షల్లో ఒక్కో ప్రశ్నకు దొరికేది ఒకటి రెండు నిమిషాలు. ఆ వేగమూ కావాల్సిందే, కాదనలేం. కానీ జవాబు తెలియని ప్రశ్నతో నెలల తరబడి కాపురం చేయడం ఇంకో విద్య. అది ఏ టెస్టు పేపర్లోనూ ఉండదు. ఆ పిల్లాడికి ఆ విద్య ఇంట్లోనే అబ్బింది.

బడి అంటే అతనికి పెద్దగా మోజు లేదు. అమ్మతోపాటు కాలేజీకి వెళ్లి ఆమె పాఠాలు వింటానని పేచీ పెట్టేవాడు. మీరా కూడా సరేననేవారు. మూడు నాలుగేళ్లకోసారి ఆరునెలలపాటు జైపూర్‌లో తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉండేవాడు. అక్కడే అతని చదువు ఇంకో మలుపు తిరిగింది.

తాతయ్య పుస్తకాల గది

తాతయ్య పురుషోత్తమ్ లాల్ భార్గవ రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో సంస్కృత శాఖకు అధిపతిగా పనిచేసిన పండితుడు. ప్రాచీన భారత చరిత్ర మీద పుస్తకాలు రాసినవారు. మనవడికి సంస్కృతం నేర్పింది ఆయనే. ఆ ఇంట్లో ఉన్న సంస్కృత గ్రంథాలు తిరగేస్తున్నప్పుడు మంజుల్ కంట పడింది, బ్రహ్మగుప్తుడి పేరుతో ఉన్న ఓ గణిత సూత్రం.

బ్రహ్మగుప్తుడు క్రీస్తుశకం 628లో ‘బ్రహ్మస్ఫుట సిద్ధాంతం’ రాశాడు. ఆయన ఉన్న భిల్లమాల ఇప్పటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్ అంటారు. సూత్రం మోటుగా చెప్పాలంటే ఇదీ: రెండు వర్గాల మొత్తంగా రాయగలిగిన అంకెలు రెండింటిని తీసుకుని గుణిస్తే, వచ్చే అంకెనూ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు. ఉదాహరణకు 5 అంటే ఒకటి వర్గం, రెండు వర్గం కలిస్తే వచ్చేది. 13 అంటే రెండు వర్గం, మూడు వర్గం కలిస్తే వచ్చేది. ఆ రెంటినీ గుణిస్తే 65. అది నాలుగు వర్గం, ఏడు వర్గాల మొత్తం. 16, 49 కలిపి చూడండి, సరిపోతుంది! ఈ పాటి సంగతి అంతకు ముందు గ్రీకులకూ తెలుసు. బ్రహ్మగుప్తుడి గొప్పంతా దాన్ని ఇంకా విస్తారమైన అంకెల కుటుంబానికి వర్తింపజేయడంలో ఉంది.

మంజుల్ హార్వర్డ్‌లో డిగ్రీ పూర్తిచేసి, 1996లో పీహెచ్‌డీ కోసం ప్రిన్స్‌టన్ చేరాడు. అక్కడ గైడు, ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించిన ఆండ్రూ వైల్స్. ఆ రోజుల్లో చదివిన పుస్తకాల్లో జర్మనీ గణితవేత్త గాస్ రాసిన ‘డిస్‌క్విజిషనెస్ అరిత్మెటికే’ ఒకటి. 1801లో, తనకు 24 ఏళ్లప్పుడు గాస్ లాటిన్‌లో వేయించిన గ్రంథమది. బ్రహ్మగుప్తుడు చెప్పిన లాంటి గుణకారాన్నే గాస్ అందులో చాలా పెద్ద ఎత్తున చెప్పాడు. కాకపోతే ఆ వివరణ పేజీలకు పేజీలు సాగుతుంది. చదివేవాళ్లకు చుక్కలు కనిపిస్తాయి.

రెండు వందల ఏళ్లుగా గణిత విద్యార్థులు ‘ఇదింతే’ అనుకుని చదివేసిన భాగమది. మంజుల్‌కి మాత్రం తాతయ్య ఇంట్లో చూసిన చిన్న సూత్రం గుర్తుంది. అంత ముచ్చటగా మొదలైన సంగతి ఇంత చిక్కుగా ఎందుకు మారింది? దీనికి ఇంకో తేలిక దారి ఉండాలి కదా? అదీ అతని ప్రశ్న.

జవాబు ఓ ఆటబొమ్మ దగ్గర దొరికింది. రంగులు తిప్పి సరిచేసే రూబిక్ క్యూబ్‌లో చిన్నది ఉంటుందే, ఒక్కో వైపు నాలుగే గళ్లుండేది... అది. ఆ ఘనానికి ఎనిమిది మూలలు. ఒక్కో మూలలో ఒక్కో అంకె పెడితే? ఘనాన్ని నిలువునా కోయొచ్చు, అడ్డంగా కోయొచ్చు, ముందూ వెనకలుగానూ కోయొచ్చు. మూడు కోతలకు మూడు గణిత రూపాలొస్తాయి. ఆ మూడింటి మధ్య ఉన్న బంధమే గాస్ పేజీలకొద్దీ చెప్పిన సూత్రం! ఈ ఎనిమిది అంకెల పెట్టెను గణితవేత్తలు ఇప్పుడు ‘భార్గవ క్యూబ్’ అంటున్నారు. గాస్ తర్వాత ఎవరికీ తట్టని అలాంటి కొత్త సూత్రాలు మరికొన్ని ఆ ఆలోచన నుంచే పుట్టాయి. 2001లో అదే అతని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథమైంది. మరో రెండేళ్లకు ప్రిన్స్‌టన్‌లో పూర్తిస్థాయి ప్రొఫెసర్. అప్పటికి వయసు 28.

ఏడో శతాబ్దపు సంస్కృతం, పందొమ్మిదో శతాబ్దపు లాటిన్ గ్రంథం, ఇరవయ్యో శతాబ్దపు బొమ్మ. మూడూ ఒక్క బుర్రలో కలిశాయి కాబట్టే అది సాధ్యమైంది.

కోచింగ్ పుస్తకమే... అయితేనేం!

అలాగని పాత గ్రంథాలు చదివితేనే గణితం వస్తుందా? గైడ్లూ, మెటీరియళ్లూ దండగా? ఆ మాటా అనలేం. అందుకు సాక్ష్యం శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ జీవితాన్ని మలుపు తిప్పిన పుస్తకాన్ని రాసింది కార్ అనే ఇంగ్లిష్ ట్యూషన్ మాస్టారు. కేంబ్రిడ్జి పరీక్షలకు వెళ్లే కుర్రాళ్లకు పాఠాలు చెబుతూ, బట్టీకి వీలుగా దాదాపు అయిదువేల సూత్రాలను ఒకచోట పేర్చాడాయన. నిరూపణలు నామమాత్రం. ఇప్పటి భాషలో చెప్పాలంటే అచ్చమైన కోచింగ్ పుస్తకం! 1903లో అది కుంభకోణంలోని పదిహేనేళ్ల కుర్రాడి చేతికొచ్చింది. ఇంకెవరైనా అయితే సూత్రాలు వల్లెవేసేవారు. అతను ఒక్కోదాన్నీ తనే మళ్లీ నిరూపించుకుంటూ పోయాడు. ఆ దారిలో కొత్తవి తగిలితే నోటుపుస్తకంలో రాసుకున్నాడు. నిరూపణ రాయకుండా ఫలితం మాత్రమే రాసే అలవాటు కూడా ఆ పుస్తకం నుంచే అంటుకుందన్నది గణితవేత్త హార్డీ అభిప్రాయం.

అంటే పుస్తకం ఏదన్నది కాదు, దాన్ని ఎలా చదివామన్నదే ముఖ్యం. జవాబు కోసం చివరి పేజీ తిప్పే అలవాటున్నవాడికి గాస్ గ్రంథమైనా గైడే. తిప్పనివాడికి గైడైనా గ్రంథమే.

అయితే రామానుజన్ కథలో ఇంకో సగం ఉంది. లెక్కల్లో మునిగిపోయి మిగతా సబ్జెక్టులు వదిలేశాడు. ఇంగ్లిష్ వ్యాసరచనలో తప్పాడు. కుంభకోణం ప్రభుత్వ కళాశాల ఇచ్చిన స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వైపు రైలెక్కేశాడు. తర్వాత మద్రాసులో ఎఫ్‌ఏ పరీక్ష రాసినా గట్టెక్కలేదు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. చాలా ఏళ్లు నానా తిప్పలూ పడి, 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు. చివరికి ఆయన్ని ఆ ఊబిలోంచి పైకి లాగింది ఏమిటి? 1913 జనవరిలో హార్డీకి రాసిన ఉత్తరం. అందులో ఉన్నవి గణిత సూత్రాలే. కానీ ఉత్తరం మాత్రం ఇంగ్లిష్‌లో ఉంది! ఏ భాష దగ్గర దెబ్బతిన్నాడో ఆ భాషే అతని లెక్కల్ని సముద్రం దాటించింది.

నిఘంటువు రాసిన లెక్కల మాస్టారు

గణితానికి భాషతో పనేంటి, అంకెలు అన్ని దేశాల్లోనూ ఒకటేగా అనుకుంటాం. గణిత చరిత్ర చూస్తే అదేం కాదని తేలిపోతుంది.

గాస్ సంగతే చూడండి. కాలేజీ రోజుల్లో ఆయనకు గణితం ఎంత ఇష్టమో ప్రాచీన భాషలూ అంతే ఇష్టం. ఏ దారిన వెళ్లాలో తేల్చుకోలేక ఊగిసలాడాడు. 1796లో ఓ రోజు, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజిని గీయొచ్చని కనిపెట్టాడు. రెండువేల ఏళ్లుగా ఎవరికీ చేతకానిది అది. ఆ దెబ్బతో త్రాసు గణితం వైపు మొగ్గింది. అయినా భాషల మీద మోజు పోలేదు. అరవై దాటాక, ఎవరూ అడక్కుండానే కూర్చుని రష్యన్ నేర్చుకున్నాడు!

జర్మనీకే చెందిన గ్రాస్‌మన్ కథ ఇంకా చిత్రం. బడిలో పాఠాలు చెప్పుకునే ఈయన 1844లో ఓ గణిత గ్రంథం వేశాడు. ఇవాళ ఇంజినీరింగ్ విద్యార్థులు చదివే వెక్టర్లూ, లీనియర్ ఆల్జీబ్రాలకు పునాదులు అందులో ఉన్నాయి. అప్పట్లో మాత్రం పట్టించుకున్న నాథుడు లేడు. మనసు విరిగిన గ్రాస్‌మన్ సంస్కృతం వైపు మళ్లాడు. రుగ్వేదం మొత్తాన్నీ జర్మన్‌లోకి అనువదించాడు. ఒక్కో మాట ఎక్కడెక్కడ ఏ రూపంలో వచ్చిందో వెతికి పట్టుకునేలా ఓ నిఘంటువు తయారుచేశాడు. 1870ల్లో వచ్చిన ఆ నిఘంటువును వేదభాష చదువుకునేవాళ్లు ఈనాటికీ తిరగేస్తూనే ఉన్నారు. ప్రతి మాటనూ వరసగా, ఒక్కటీ వదలకుండా లెక్కలో పెట్టడం... అది గణితవేత్త చేయి కాక మరేంటి!

ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే వేల్ కూడా చిన్న వయసులోనే సంస్కృతం పట్టుకున్నాడు. పారిస్‌లో చదువుకుంటూనే సిల్వాఁ లెవీ అనే సంస్కృత పండితుడి పాఠాలకు వెళ్లేవాడు. భగవద్గీతను మూలంలోనే చదివాడు. ఆ ఇష్టమే ఆయన్ని మన దేశానికి రప్పించింది. 1930 నుంచి రెండేళ్లపాటు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో గణితం చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధ సమయంలో సైన్యానికి హాజరు కాలేదని ఫ్రాన్స్‌లో జైల్లో పెడితే, 1940లో ఆ గదిలోనే కూర్చుని తనకు గొప్ప పేరు తెచ్చిన గణిత ఫలితాల్లో ఒకటి సాధించాడు.

మన తెలుగుకీ ఈ సంప్రదాయం కొత్త కాదు. మహావీరాచార్యుడి సంస్కృత ‘గణితసార సంగ్రహా’న్ని పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. తెలుగులో వచ్చిన తొలి గణిత గ్రంథంగా దాన్నే చెప్పుకుంటాం. లెక్కని భాష మార్చడమంటే మాటకు మాట పెట్టడం కాదు. మల్లన కవీ కావాలి, లెక్కలవాడూ కావాలి.

బడి పిల్లల మంత్రం... ప్రపంచ గణితం

సంస్కృతంలో మంజుల్‌ని బాగా ఆకట్టుకుంది ఛందస్సు. అందులో లెక్కలున్నాయని ఉపన్యాసాల్లో తరచూ చెబుతుంటాడు. ఆ ఛందస్సు మనకూ కొత్తేం కాదు. హైస్కూల్లో తెలుగు మాస్టారి బెత్తం భయంతో ‘యమాతారాజభానసలగం’ అని వల్లెవేయని వాళ్లెవరు! గణాలు గుర్తుపెట్టుకోవడానికి పూర్వులు చేసిపెట్టిన చిట్కా అది. య గణం ఎలా ఉంటుందో కావాలంటే ‘య’ నుంచి మూడక్షరాలు తీసుకోవాలి. ‘యమాతా’... లఘువు, గురువు, గురువు. మ గణానికి ‘మాతారా’... మూడూ గురువులే. ఇలా ‘సలగం’ వరకూ వెళితే ఎనిమిది గణాలూ వచ్చేస్తాయి.

ఇప్పుడు దీన్ని లెక్కల కళ్లజోడుతో చూడండి. ఒక్కో అక్షరం గురువో లఘువో కావాలి. అంటే రెండు అవకాశాలు. మూడు అక్షరాలకు రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. అంతకుమించి గణాలు ఉండవు. ఆ ఎనిమిదినీ విడివిడిగా రాస్తే 24 అక్షరాలు కావాలి. మన చిట్కాలో ఉన్నవి పదే! ఒక్క గణమూ తప్పిపోలేదు, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. పైగా చివరి రెండక్షరాలూ మొదటి రెండింటిలాగే లఘువు, గురువు. కాబట్టి తల, తోక కలిపి గుండ్రంగా రాస్తే ఎనిమిది అక్షరాలే చాలు. ఇలాంటి వరసల్ని ఆధునిక గణితంలో ‘డి బ్రూయిన్ సీక్వెన్స్’ అంటారు. ఆ డచ్ గణితవేత్త వాటి మీద పత్రం రాసింది 1946లో.

ఇంకో ముచ్చట. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. నాలుగు మాత్రల గణాలు ఎన్ని ఉంటాయి? రెండు గురువులు. గురువు తర్వాత రెండు లఘువులు. రెండు లఘువుల మధ్య గురువు. రెండు లఘువుల తర్వాత గురువు. లేదంటే నాలుగూ లఘువులే. మొత్తం అయిదు. తెలుగు మాస్టారి భాషలో గగ, భ, జ, స, నల. గుర్తొచ్చిందా? కందపద్యంలో వాడే గణాలు సరిగ్గా అవే! సుమతీ శతకం చదువుకున్న ప్రతి పిల్లాడూ తెలియకుండానే ఈ లెక్క చేశాడన్నమాట.

ఒక మాత్రకు ఒక రకం, రెండు మాత్రలకు రెండు, మూడింటికి మూడు, నాలుగింటికి అయిదు, అయిదింటికి ఎనిమిది, ఆరింటికి పదమూడు. ప్రతి అంకే ముందున్న రెండింటి మొత్తం. ఎందుకలా? చివరి అక్షరం లఘువైతే దానికి ముందు ఒక మాత్ర తక్కువ ఉన్నవన్నీ వస్తాయి. గురువైతే రెండు మాత్రలు తక్కువ ఉన్నవన్నీ వస్తాయి. రెంటినీ కూడితే జవాబు. లోకమంతా వీటిని ఫిబొనాచ్చి అంకెలు అంటుంది. ఇటలీకి చెందిన ఆయన తన పుస్తకం రాసింది 1202లో. అంతకు ముందే, 1150 ప్రాంతంలో గుజరాత్‌కు చెందిన జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు లెక్కల్లో వీటిని చెప్పాడు. ఆయనకన్నా కొన్ని వందల ఏళ్ల ముందు విరహాంకుడూ చెప్పాడు. అందుకే మంజుల్ వాటిని హేమచంద్ర అంకెలంటాడు.

తబలా చెప్పిన పాఠం

శ్లోకంలో ఉన్న ఆ గురు లఘువులే తబలా మీద దెబ్బలుగా మారితే? ఎనిమిది మాత్రల్ని ఒక మాత్ర దెబ్బలు, రెండు మాత్రల దెబ్బలతో ఎన్ని రకాలుగా నింపొచ్చు? పై వరసలో చూస్తే 34. ఏ వాద్యకారుడూ కూర్చుని ఈ లెక్క వేయడు. చేతికి తెలిసిపోతుందంతే.

మంజుల్‌కి తబలా చిన్ననాటి నేస్తం. తర్వాత్తర్వాత ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ దగ్గర మెలకువలు నేర్చుకునే అదృష్టమూ దక్కింది. 2024 డిసెంబరులో కన్నుమూసిన ఆ మహావిద్వాంసుడి వేళ్ల వేగాన్ని లోకమంతా మెచ్చుకుంది. ఆ వేగం వెనక ఎంత లెక్క ఉంటుందో నేర్చుకున్నవాళ్లకే తెలుసు.

హిందుస్థానీ సంగీతంలో ‘తిహాయీ’ అని ఒకటుంది. ఒకే ముక్కను మూడుసార్లు వాయించి, మూడోసారి ఆఖరి దెబ్బ తాళంలో మొదటి మాత్ర మీద పడేలా ముగించాలి. ఆ మొదటి మాత్రను ‘సమ్’ అంటారు. తీన్‌తాల్‌లో 16 మాత్రలు. అయిదు మాత్రల ముక్కను మూడుసార్లు వాయిస్తూ, మధ్యలో ఒక్కో మాత్ర విడిచిపెడితే? అయిదు, ఒకటి, అయిదు, ఒకటి, అయిదు... మొత్తం పదిహేడు. పదహారు దాటాక వచ్చే పదిహేడోది అంటే తర్వాతి ఆవర్తనంలో మొదటిది. ‘సమ్’ మీద సరిగ్గా వాలింది! సభలో జనం ‘వాహ్వా’ అనేది అక్కడే. మన కచేరీల్లో మృదంగ విద్వాంసులు ‘మోరా’ వేసి ముగించినప్పుడు కలిగే ఆనందమూ ఇలాంటిదే.

కర్ణాటక సంగీతంలో మేళకర్తలు 72 ఎందుకయ్యాయో అడగండి. అదీ లెక్కే. రిషభ గాంధారాల జంటలు ఆరు రకాలు, మధ్యమాలు రెండు, దైవత నిషాదాల జంటలు ఆరు. ఆరు రెళ్లు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్భై రెండు. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి ‘చతుర్దండీ ప్రకాశిక’లో ఈ పట్టిక వేసేనాటికి వాటిలో చాలా రాగాలు ఎవరూ పాడనే లేదు. లెక్క ముందు వచ్చింది, పాట తర్వాత వచ్చింది!

అయితే సంగీతం వస్తే లెక్కలు వాటంతటవే వచ్చేస్తాయనుకుంటే పొరపాటు. అలాగైతే తబలా వాయించేవాళ్లందరూ గణితవేత్తలు కావాలి. సంగీతం ఇచ్చేది మరొకటి. నియమం మీరకుండా స్వేచ్ఛగా తిరగడం అందులో అలవాటవుతుంది. తాళం మారదు. ఆ పదహారు మాత్రల్లోనే రోజూ కొత్తది వెతకాలి. గణిత పరిశోధన కూడా అచ్చం అలాంటిదే. నియమాలు ముందే ఉన్నాయి. వాటిని తప్పకుండా ఎవరూ వెళ్లని చోటికి వెళ్లాలి.

ఒక దశలో మంజుల్‌కీ పెద్ద చిక్కే వచ్చింది. సంగీతమా, గణితమా? చివరికి గణితాన్నే వృత్తిగా తీసుకున్నాడు. గణితం చెప్పుకుంటూ తబలా వాయించొచ్చు కానీ, పూర్తికాలం కచేరీలు చేసుకుంటూ పరిశోధన చేయడం కష్టమన్నది అతని ఆలోచన. రెండింట్లో ఒకదాన్ని గొంతు నులిమి చంపడం కాదది. రెండూ బతికే దారి వెతకడం.

మన అలమారలో ఏముంది?

మంజుల్‌కి కలిసొచ్చినవి చాలా ఉన్నాయి. ప్రొఫెసర్ తల్లి, పండితుడైన తాతయ్య, మంచి విశ్వవిద్యాలయాలు. అవన్నీ అందరికీ దొరకవు. ‘ముందు సీటు రానివ్వండి, శ్లోకాలు తర్వాత చూద్దాం’ అనే నాన్న మాటలోనూ న్యాయముంది. ఒక్క ర్యాంకు మీద కుటుంబం మొత్తం ఆశ పెట్టుకున్న ఇళ్లు మనవి. కాబట్టి చదువు మాని తబలా కొనమని ఎవరూ చెప్పరు. రామానుజన్ పడ్డ తిప్పలే చెబుతున్నాయిగా, పరీక్షలు వదిలేస్తే ఎంత నష్టమో!

కానీ ఈ కథల్లో పెద్ద ఖర్చు లేని సంగతులూ కొన్ని ఉన్నాయి. నారింజపండ్లకు ఖర్చేముంది? వారానికి ఒక్క లెక్కను జవాబు చూడకుండా, టైము పెట్టుకోకుండా పిల్లల దగ్గర ఉండనిస్తే చాలు. గైడు పక్కన ఒక్క అసలు పుస్తకం ఉంచొచ్చు. యాకొవ్ పెరెల్మాన్ సరదా లెక్కలైనా, ఒక లెక్కను ఎలా పట్టుకోవాలో చెప్పే జార్జ్ పోల్యా ‘హౌ టు సాల్వ్ ఇట్’ అయినా బాగా పాతబడ్డా రుచి తగ్గనివే. ఇంటర్‌లో తీసుకున్న సంస్కృతాన్ని మార్కుల కోసం కాక ఒక్క శ్లోకం కోసం చదివినా, అందులోని గురు లఘువులు లెక్కపెట్టినా అది వేరే చదువవుతుంది. తెలుగు పుస్తకంలోని కందపద్యం అందుకు ఇంకా దగ్గర. ఇక లయ అంటారా... బల్ల మీద రెండు వేళ్లుంటే చాలు.

ఇంతకీ తొమ్మిది మాత్రలకు ఎన్ని రకాలొస్తాయో చెప్పగలరా? ఏడింటికి 21, ఎనిమిదింటికి 34. ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి. అయితే ముందే సూత్రం చెప్పేయకండి. చప్పట్లతో మొదలుపెట్టి, ఒకటి రెండు మూడు మాత్రలకు వాళ్లనే లెక్కపెట్టనివ్వండి. ఆ వరస వాళ్ల కంట పడిన క్షణంలో ముఖంలో ఓ వెలుగు కనిపిస్తుంది. ఏ ర్యాంకు కార్డూ దాన్ని కొలవలేదు.